కవ్వింపుకు బదులు ఎంతవరకు? ‘దామాషా’ లెక్కలో హారం ఏది: 2006 లెబనాన్ యుద్ధం ఉదాహరణగా

2006 జులై 12, ఉదయం తొమ్మిది దాటింది. ఇజ్రాయెల్, లెబనాన్ సరిహద్దు కంచె వెంట, జరీట్ అనే ఊరి దగ్గర ఇజ్రాయెల్ సైన్యపు రెండు హమ్వీ వాహనాలు గస్తీ తిరుగుతున్నాయి. చుట్టుపక్కల ఊళ్ల మీద లెబనాన్‌లోని సాయుధ సంస్థ హిజ్బుల్లా రాకెట్లు వేసింది. అది దృష్టి మళ్లించడానికే. అసలు పని కంచె దగ్గర జరిగింది. హిజ్బుల్లా మనుషులు ఆ వాహనాలను పేల్చి, ముగ్గురు సైనికులను చంపి, ఇద్దరిని లెబనాన్‌లోకి ఎత్తుకుపోయారు. వాళ్ల కోసం కంచె దాటిన మెర్కావా ట్యాంకు మందుపాతర మీదికెక్కింది. లోపలున్న నలుగురూ పోయారు. ఆ శవాలను తెచ్చే ప్రయత్నంలో ఇంకొకరు చనిపోయారు. మొత్తం ఎనిమిది మంది మృతులు, ఇద్దరు బందీలు.

34 రోజుల తర్వాత కాల్పులు ఆగేసరికి లెబనాన్‌లో 1,100 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది పౌరులు. దాదాపు తొమ్మిది లక్షల మంది ఇళ్లు వదిలారు. ఇజ్రాయెల్ వైపు నలభై పైచిలుకు పౌరులు, సుమారు 120 మంది సైనికులు పోయారు. ఉత్తర ఇజ్రాయెల్ మీద దాదాపు 4,000 రాకెట్లు పడ్డాయి.

ఈ బదులు దామాషాలో ఉందా, మితిమీరిందా? అప్పుడు ఐక్యరాజ్యసమితిలో, పత్రికల్లో, న్యాయ కళాశాలల్లో ఇదే వాదన. తర్వాత గాజా విషయంలోనూ, మన బాలాకోట్, సిందూర్ సమయాల్లోనూ అదే ప్రశ్న తిరిగొచ్చింది. వాదించేవాళ్లు చాలాసార్లు ఒకరి మాటకు ఒకరు జవాబు చెప్పరు. ఒకరు ఒక కొలబద్దతో కొలుస్తుంటే, రెండోవారి చేతిలో మరో కొలబద్ద ఉంటుంది. రెండింటికీ పేరు మాత్రం ఒకటే.

## మాటలోనే ఉన్న చిక్కు

‘దామాషా’ అనగానే మనకు ఎన్నికల్లో దామాషా ప్రాతినిధ్యం గుర్తొస్తుంది. ఇన్ని ఓట్లకు ఇన్ని సీట్లు. కొందరు వాడే ‘అనుపాతం’ అయితే నేరుగా లెక్కల పుస్తకంలోది. దాంతో ఈ మాట వినగానే మనసు నిష్పత్తి కట్టేస్తుంది: మావాళ్లు ఎనిమిది మంది, వాళ్లవాళ్లు వెయ్యి మంది.

భిన్నం అన్నాక లవం ఉంటుంది, హారం ఉంటుంది. జరిగిన నష్టం లవం. దాన్ని దేనితో పోల్చాలన్నది హారం. జనం వాడే హారం ‘మనకు జరిగిన నష్టం’. చట్టం రెండుచోట్ల రెండు వేరే హారాలు పెట్టింది. ఆ రెండింటిలో ఏదీ ‘మనకు జరిగిన నష్టం’ కాదు.

ఇది మనకు కొత్త సంగతేం కాదు. మన శిక్షాస్మృతిలో ఆత్మరక్షణ హక్కు ఉంది. పాత ఐపీసీలో 99వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 37వ సెక్షన్ దానికి హద్దు గీస్తాయి: రక్షించుకోవడానికి ఎంత అవసరమో అంతకుమించి హాని చేయకూడదు. కత్తితో మీదికొచ్చినవాడు మీ ఒంటి మీద ఒక్క గీత కూడా పెట్టకపోయినా, అతన్ని ఆపడానికి చెయ్యి విరగ్గొట్టాల్సివస్తే అది హక్కులోనే పడుతుంది. కత్తి కిందపడి అతను పారిపోతున్నప్పుడు వెంటపడి కొడితే, అతను మీకు అంతకుముందే పెద్ద గాయం చేసి ఉన్నా, అది హక్కు కిందికి రాదు. ఇక్కడ హారం తగిలిన దెబ్బ కాదు, ఆపాల్సిన ప్రమాదం. దేశాల మధ్య మొదటి కొలతకూ పునాది ఇదే.

## మొదటి కొలత: ఈ యుద్ధం మొత్తంగా అవసరమైనంతేనా?

ఐరాస ఛార్టర్ 2(4) అధికరణ దేశాలు ఒకదాని మీద ఒకటి బలం వాడటాన్ని నిషేధిస్తుంది. 51వ అధికరణ మినహాయింపు ఇస్తుంది: సాయుధ దాడి జరిగితే ఆత్మరక్షణ చేసుకోవచ్చు. దామాషా అనే మాట ఆ అధికరణలో ఎక్కడా లేదు. అది ఆచారం నుంచి వచ్చింది. ఆ ఆచారానికి చెప్పుకునే మూలకథ కూడా, తమాషాగా, సాయుధ ముఠాకు పొరుగుదేశంలో దొరికిన ఆశ్రయం గురించే.

1837లో కెనడాలో బ్రిటిష్ పాలనపై తిరుగుబాటు చేసినవాళ్లు నయాగరా నదిలోని నేవీ దీవిలో మకాం పెట్టారు. అమెరికా ఒడ్డు నుంచి కరోలిన్ అనే ఆవిరి పడవ వాళ్లకు మనుషులను, సరుకును చేరవేసేది. డిసెంబరు 29 రాత్రి బ్రిటిష్ దళం నది దాటి, అమెరికా ఒడ్డున కట్టేసి ఉన్న పడవకు నిప్పుపెట్టి ప్రవాహంలోకి వదిలేసింది. ఒక అమెరికన్ చనిపోయాడు. తర్వాత అమెరికా విదేశాంగ మంత్రి డేనియల్ వెబ్‌స్టర్ రాసిన ఉత్తరాల్లో రెండు షరతులు తేలాయి. వేరే దారే లేనంత తక్షణ అవసరం ఉండాలి. చేసిన పని ఆ అవసరపు గీత దాటకూడదు.

ఆ రెండే నేటికీ నడుస్తున్నాయి: ఆవశ్యకత, దామాషా. 1986 నికరాగువా తీర్పులో అంతర్జాతీయ న్యాయస్థానం ఇవి ఆచార న్యాయంలో స్థిరపడ్డాయని చెప్పింది. ‘సాయుధ దాడి’ని, ‘కేవలం సరిహద్దు ఘటన’ను వేరుచేసింది కూడా ఆ తీర్పే. ఆ రెండో ముక్క 2006 వాదనలో చాలా పని చేసింది.

హారం ఏమిటన్నదాన్ని న్యాయకోవిదుడు రాబర్టో ఆగో 1980లో ఐరాస అంతర్జాతీయ న్యాయ సంఘానికి ఇచ్చిన నివేదికలో సూటిగా తేల్చాడు. దాడికీ ఎదురుదాడికీ పోలిక వెతకడం పొరపాటు. దాడిని ఆపి తిప్పికొట్టడమనే లక్ష్యంతోనే కొలవాలి. ఆ లక్ష్యానికి కావాలంటే బదులు దాడికన్నా పెద్దదిగా ఉండొచ్చు.

చిన్న లెక్క వేద్దాం. కొండమీది మోర్టార్ స్థావరం నుంచి ఒక సరిహద్దు చౌకీ మీద రోజూ గుండ్లు పడుతున్నాయి. ఇద్దరు జవాన్లు చనిపోయారు. ఎదురుదాడిలో మోర్టార్లు ధ్వంసమయ్యాయి, ఇరవై మంది మిలిటెంట్లు పోయారు. నిష్పత్తి ఒకటికి పది, అయినా దామాషాకు ఇబ్బంది లేదు. ఇప్పుడు రెండో సందర్భం. గుండ్లు పొలాల్లో పడ్డాయి, ఎవరూ చావలేదు. బదులుగా వంద కిలోమీటర్ల అవతల, జనం లేని వేళ చూసి, విద్యుత్ కేంద్రాన్ని కూల్చారు. అక్కడా ఎవరూ చావలేదు. సున్నాకు సున్నా. కానీ ఆ కేంద్రానికీ మోర్టార్లకూ సంబంధం లేదు కాబట్టి ఇది మితిమీరినదే.

అంతర్జాతీయ న్యాయస్థానం ఈ కొలత వాడిన కేసులు తక్కువే. రెండు మాత్రం స్పష్టమైనవి. 1988 ఏప్రిల్‌లో పర్షియన్ గల్ఫ్‌లో మైను తగిలి అమెరికా నౌక శామ్యూల్ బి. రాబర్ట్స్ బాగా దెబ్బతింది. మునగలేదు, ఎవరూ చనిపోలేదు. బదులుగా అమెరికా ఇరాన్ చమురు వేదికలతోపాటు రెండు ఫ్రిగేట్లను, ఇతర నౌకలను దెబ్బతీసింది. 2003 తీర్పు ఆ మొత్తం ఆపరేషన్ దామాషాలో లేదంది. 2005లో కాంగో, ఉగాండా కేసు. సరిహద్దు దాటివచ్చి ముఠాలు దాడులు చేస్తున్నాయన్నది ఉగాండా వాదన. దానికి బదులుగా సరిహద్దుకు వందల కిలోమీటర్ల దూరంలోని విమానాశ్రయాలను, పట్టణాలను పట్టుకోవడం దామాషాలో ఉన్నట్టు కనిపించదని కోర్టు చెప్పింది. ఎంత దూరం వెళ్లారు, ఏ లక్ష్యాలు ఎంచుకున్నారు, ఎన్నాళ్లు సాగించారు అన్నవి ఈ కొలతలో చూసే అంశాలు.

ఇంకోటి. ‘గట్టి గుణపాఠం నేర్పాం’ అని మన పత్రికల్లో తరచూ శీర్షికలు వస్తాయి. గుణపాఠం నేర్పడం ఈ హక్కులో లేదు. 1970లో ఐరాస సర్వసభ్య సభ ఆమోదించిన 2625 తీర్మానం బలప్రయోగంతో ప్రతీకారం తీర్చుకోవద్దని దేశాలకు చెప్పింది. ఆచరణలో ఏ దేశమూ ‘ప్రతీకారం’ అనదు. చేసిన ప్రతిదానికీ ‘ఆత్మరక్షణ’ అనే పేరే పెడుతుంది.

## రెండో కొలత: ఈ ఒక్క బాంబు సంగతి

యుద్ధం న్యాయమైనదా కాదా అన్నది పక్కనపెట్టి, ప్రతి దాడినీ విడివిడిగా చూసే కొలత ఇది. 1977 నాటి జెనీవా మొదటి అదనపు ప్రోటోకాల్, 51(5)(బి) అధికరణలో రాసి ఉంది. దాడి వల్ల పౌరులకు, పౌర ఆస్తులకు జరగగల నష్టం, ఆ దాడితో ఆశించే నిర్దిష్టమైన, ప్రత్యక్షమైన సైనిక ప్రయోజనాన్ని మించిపోతే ఆ దాడి చేయకూడదు. అమెరికా, ఇజ్రాయెల్, భారత్, పాకిస్తాన్ ఆ ప్రోటోకాల్‌లో చేరలేదు. అయినా ఈ నియమం ఆచార న్యాయమనీ, అందరికీ వర్తిస్తుందనీ రెడ్‌క్రాస్ కమిటీ 2005 అధ్యయనం చెబుతుంది.

ఇక్కడ లవం పౌర నష్టం మాత్రమే. చనిపోయిన మిలిటెంట్లు లెక్కలోకి రారు. హారం సైనిక ప్రయోజనం. రెండూ దాడికి ముందు అంచనా వేసినవే, తర్వాత తేలినవి కావు. ఈ చివరి ముక్క చాలామందికి మింగుడుపడదు. టీవీలో శిథిలాలు చూసి ‘ఇది నేరం’ అనుకుంటాం. చట్టం మాత్రం కమాండర్‌కు అప్పుడేం తెలుసు, ఏం తెలుసుకోగలిగి ఉండేవాడు అని అడుగుతుంది. యుగోస్లావియా యుద్ధనేరాల ట్రిబ్యునల్ 2003లో గాలిచ్ తీర్పులో పెట్టిన పరీక్ష కూడా అదే. అంటే ‘నాకు తెలీదు’ అంటే సరిపోదు, తెలుసుకునే ప్రయత్నం చేసి ఉండాలి.

దగ్గరగా చూడటానికి గాజాలోని రెండు దాడులు. 2002 జులై 22న హమాస్ సైనిక విభాగం నాయకుడు సలాహ్ షెహాదా ఉన్న ఇంటిపై ఇజ్రాయెల్ టన్ను బాంబు వేసింది. ఇరుకైన బస్తీ అది. షెహాదాతోపాటు డజనుకు పైగా మనుషులు పోయారు, వారిలో పిల్లలు చాలామంది. ఇజ్రాయెల్ వేసిన విచారణ సంఘమే 2011లో ఫలితం దామాషా తప్పిందని ఒప్పుకుంది. పక్క ఇళ్లలో ఎవరున్నారన్న నిఘా సమాచారం లోపించడం వల్ల అలా జరిగిందనీ, నేరం కాదనీ తేల్చింది. మరుసటి ఏడాది, 2003 సెప్టెంబరు 6న, హమాస్ అగ్రనాయకులంతా ఒకే ఇంట్లో సమావేశమయ్యారు. ఈసారి పావు టన్ను బాంబు ఎంచుకున్నారు. పైఅంతస్తు కూలింది. సమావేశం కింది అంతస్తులో జరుగుతోంది. అందరూ బతికి బయటపడ్డారు. పెద్ద బాంబుకు పక్కింటివాళ్లు పోతారు, చిన్న బాంబుకు లక్ష్యం తప్పుతుంది. ఈ కొలతలోని చిక్కంతా ఆ రెండు అంతస్తుల మధ్యే ఉంది.

బాంబు బరువు ఒక్కటే కాదు. ఫ్యూజును ఆలస్యంగా పేలేలా పెడితే బాంబు నేలలోకి దిగి పేలుతుంది, ముక్కలు పక్కకు తక్కువ ఎగురుతాయి. ఏ దిక్కు నుంచి వేస్తే శకలాలు ఖాళీ స్థలం వైపు పోతాయో చూస్తారు. బడి వదిలాక కొట్టాలా, రాత్రి కొట్టాలా అని లెక్కలేస్తారు. రాత్రి వీధి ఖాళీగా ఉంటుంది, కానీ ఇళ్ల నిండా మనుషులుంటారు. లోపల రాకెట్లు దాచి ఉంటే అవీ పేలి నష్టం అంచనాను దాటిపోతుంది. వంతెనలు, విద్యుత్ కేంద్రాల లాంటి, సైన్యానికీ పౌరులకూ పనికొచ్చే ఆస్తుల దగ్గర అంచనా మరీ కష్టం. కరెంటు పోతే నీటి పంపులు ఆగుతాయి, ఆసుపత్రి జనరేటర్ డీజిలు అయిపోతుంది. ఆ చావులు వారాల తర్వాత వస్తాయి, దాడి లెక్కలో ఎవరూ రాయరు.

మరి ఎంతమంది పౌరులైతే ‘ఎక్కువ’? చట్టం అంకె చెప్పదు. 2003 ఇరాక్ యుద్ధంలో 30 మందికి పైగా పౌరులు చనిపోయే అవకాశమున్న దాడికి రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ సంతకం ఉండాలని అమెరికా నియమం పెట్టుకుంది. అలాంటివి యాభైకి పైగా పంపితే అన్నింటికీ అనుమతి వచ్చిందని వార్తలొచ్చాయి. ఆ 30 ఎవరి అనుమతి కావాలో చెప్పే గీత. 29 మందిని చంపొచ్చని అర్థం కాదు.

ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు మాజీ అధ్యక్షుడు ఆహారోన్ బరాక్ 2006 డిసెంబరు తీర్పులో రెండు కొసలు చూపించాడు. బాల్కనీ నుంచి కాల్పులు జరుపుతున్న వాడిని కాలిస్తే పక్కింటి మనిషికి తగిలినా అది దామాషాయే. అతని కోసం ఆ భవనాన్నే ఆకాశం నుంచి పేల్చి పదుల మందిని చంపితే కాదు. రెండు కొసలూ తేలికే. గొడవంతా నడిమధ్య.

ఈ కొలతకన్నా ముందు దాటాల్సిన గడప ఇంకొకటి ఉంది: సైనిక లక్ష్యం, పౌర లక్ష్యం అనే విభజన. పౌరులనే గురిపెడితే దామాషా ప్రశ్నే రాదు. అది నేరుగా నేరం.

## 2006 మొదటి కొలతలో ఎలా కనిపిస్తుంది

ఇజ్రాయెల్ పక్షాన ఉన్న గట్టి వాదన ఇది. దాడి జరిగింది ఐరాస గుర్తించిన సరిహద్దు దాటి. ఇజ్రాయెల్ 2000 మే నెలలో దక్షిణ లెబనాన్ నుంచి వెళ్లిపోయింది, ఆక్రమణ అనే సాకు అక్కడ చెల్లదు. 2000 అక్టోబరులోనూ హిజ్బుల్లా ముగ్గురు సైనికులను పట్టుకుపోయింది. కాబట్టి జులై 12ను ఒంటరిగా చూడకూడదు, ఆరేళ్ల పోట్లన్నీ కలిపి చూడాలి. సాయుధ ముఠాలను రద్దుచేయాలని భద్రతామండలి 1559 తీర్మానం 2004లోనే చెప్పింది. లెబనాన్ చేయలేదు. హిజ్బుల్లాకు ఆ దేశ మంత్రివర్గంలోనే చోటుంది. జులై 12 తర్వాత వేల రాకెట్లు పడుతుంటే ఆపాల్సిన ప్రమాదం ఎనిమిది మంది మృతి కాదు, ఆ రాకెట్ల గుట్ట. అంటే హారం పెద్దది.

అవతలి వాదనా తేలిగ్గా తోసేయదగ్గది కాదు. తొలి దాడి ఇద్దరి అపహరణ, సరిహద్దు ఘటన స్థాయిది. రాకెట్ల వాన ఎక్కువగా ఇజ్రాయెల్ భారీ బాంబుదాడి మొదలయ్యాక కురిసింది. బదులు వల్ల పెరిగిన ప్రమాదాన్నే ఆ బదులుకు సమర్థనగా చూపడం కుదరదు. లెబనాన్ ప్రధాని ఫువాద్ సిన్యోరా ఈ దాడి సంగతి తమకు తెలియదనీ, సమర్థించడం లేదనీ మొదటిరోజే ప్రకటించారు. అలాంటప్పుడు బేరూత్ విమానాశ్రయ రన్‌వేలు, దేశమంతటా వంతెనలు, సముద్ర దిగ్బంధం దేనికి? బందీలను దేశం దాటించకుండా, ఆయుధాలు రాకుండా అన్నది ఇజ్రాయెల్ జవాబు. ఆ దిగ్బంధంలోనే మన నౌకాదళం ఆపరేషన్ సుకూన్ పేరుతో రెండు వేల మందికి పైగా భారతీయులను, పొరుగు దేశాలవాళ్లను సముద్రం మీదుగా సైప్రస్‌కు చేర్చాల్సి వచ్చింది.

జులై 20న అప్పటి ఐరాస ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ భద్రతామండలిలో మూడు మాటలూ ఒకే ప్రసంగంలో అన్నారు: హిజ్బుల్లా చేసింది ఖండించదగ్గది, ఇజ్రాయెల్‌కు ఆత్మరక్షణ హక్కుంది, మితిమీరిన బలప్రయోగాన్ని కూడా ఖండించాలి. అప్పట్లో ఇది గోడమీద పిల్లివాటంగా కొందరికి తోచింది. నిజానికి హక్కు ఉండటం, హక్కు దాటడం వేరువేరు ప్రశ్నలు. మొదటిదానికి ‘అవును’ అన్నంత మాత్రాన రెండోదానికి జవాబు వచ్చేయదు.

ఈ కొలతలో నా అంచనాకు ఎక్కువ బరువున్న సాక్ష్యం, ఈ యుద్ధం నడిపిన తీరుపై ఇజ్రాయెల్ తానే వేసుకున్న వినోగ్రాడ్ విచారణ కమిషన్‌ది. అది దామాషా మీద తీర్పివ్వలేదు. కానీ తక్షణ భారీ దాడి నిర్ణయం వివరమైన ప్రణాళిక మీద నిలబడలేదనీ, ఇతర మార్గాలను సరిగా పరిశీలించలేదనీ, ప్రకటించిన లక్ష్యాలు ఎంచుకున్న మార్గంతో సాధ్యం కావనీ 2007 మధ్యంతర నివేదికలో రాసింది. ప్రధాని ఓల్మెర్ట్ చెప్పిన లక్ష్యాల్లో బందీల విడుదల ఒకటి. వాళ్ల మృతదేహాలు 2008 జులైలో ఖైదీల మార్పిడి ద్వారా వచ్చాయి. మొదటి కొలతకు లక్ష్యమే హారం కాబట్టి, సాధించలేని లక్ష్యం పెట్టుకుంటే ఎంత బలం వాడినా ‘ఇంకా చాలలేదు’ అని చెప్పుకోవచ్చు. భిన్నం అక్కడ విరిగిపోతుంది.

## 2006 రెండో కొలతలో

ఇక్కడ మొత్తం యుద్ధానికి ఒకే మార్కు వేయలేం. దక్షిణాన రాకెట్ లాంచర్లు పెట్టిన ఇళ్లు, గోదాములు స్పష్టంగా సైనిక లక్ష్యాలే. ఊళ్ల మధ్య ఆయుధాలు దాచినందుకు హిజ్బుల్లా చట్టం తప్పింది. అయితే ఒక పక్షం పౌరుల వెనక దాక్కున్నంత మాత్రాన ఆ పౌరులు లెక్కలోంచి తొలగిపోరు.

జులై 30 తెల్లవారుజామున కానాలో మూడంతస్తుల ఇల్లు కూలి 28 మంది చనిపోయారు, వారిలో 16 మంది పిల్లలు. ఖాళీ చేసి వెళ్లమని ఇజ్రాయెల్ ముందే కరపత్రాలు వేసింది. కానీ రోడ్లు, వంతెనలు దెబ్బతిన్నాయి, కదిలే వాహనాలపై దాడులు జరుగుతున్నాయి. ముసలివాళ్లు, డబ్బులేనివాళ్లు మిగిలిపోయారు. హెచ్చరిక ఇవ్వడం బాధ్యతే, కానీ ఇచ్చాక మిగిలినవాళ్లంతా పోరాటయోధులని అనుకోవడానికి వీల్లేదు. చాలా దాడులు చట్టం తప్పింది ఇక్కడేనని హ్యూమన్ రైట్స్ వాచ్ 2007 నివేదిక చెప్పింది.

ఇజ్రాయెల్ వేసిన క్లస్టర్ బాంబుల (గాలిలో విడిపోయి చిన్న బాంబులను వెదజల్లేవి) లెక్క మరీ విడ్డూరం. ఒక ఎం26 రాకెట్లో 644 చిన్న బాంబులుంటాయి. ఒక లాంచర్ వరసగా 12 రాకెట్లు వేస్తుంది: 7,728. నూటికి 15 పేలకుండా ఉండిపోయాయనుకున్నా, ఒక్క విడతకు 1,159 చిన్న బాంబులు పొలాల్లో, ఆలివ్ చెట్ల కొమ్మల్లో మిగులుతాయి. క్లస్టర్ దాడుల్లో నూటికి 90 చివరి 72 గంటల్లోనే జరిగాయని ఐరాస మానవతా విభాగాధిపతి యాన్ ఎగెలాండ్ చెప్పారు. కాల్పుల విరమణ ఖాయమని తెలిశాక ఆ పొలాల్లో ‘ఆశించే సైనిక ప్రయోజనం’ ఎంతుంటుంది? హారం సున్నాకు దగ్గరపడుతోంది, లవం మాత్రం పంట కోతలదాకా పెరుగుతుంది. ఈ ఒక్క విషయంలో ఇజ్రాయెల్‌ను సమర్థించే వాదన నాకు బలహీనంగా కనిపిస్తుంది. 2008 క్లస్టర్ బాంబుల నిషేధ ఒప్పందానికి ఊపునిచ్చినవాటిలో ఈ పొలాలూ ఉన్నాయి. ఇజ్రాయెల్ అందులో చేరలేదు. మనమూ చేరలేదు.

హిజ్బుల్లా రాకెట్లు ఈ కొలతదాకా రానే రావు. ఎక్కువభాగం 122 మి.మీ. గ్రాడ్ రకం, గురి లేనివి. ఊరివైపు వేస్తే ఊళ్లో ఎక్కడో పడతాయి. జులై 16న హైఫా రైల్వే డిపోలో ఎనిమిది మంది కార్మికులు అలా చనిపోయారు. అవతల ఎక్కువమంది చనిపోయారు కాబట్టి ఇవి చిన్న తప్పు అనడం, ఇందాక చెప్పిన గడపను చూడకుండా లెక్కకు కూర్చోవడమే. అలాగే ఐరాస మానవ హక్కుల మండలి వేసిన విచారణ సంఘం ఇజ్రాయెల్ మితిమీరిందని తేల్చింది. దానికి అప్పగించిన పనిలో హిజ్బుల్లా చేష్టలు లేవు. ఒక పక్షాన్నే చూసిన నివేదికను రెండు పక్షాల పోలికకు వాడటం అప్పుడూ జరిగింది, ఇప్పుడూ జరుగుతోంది.

## మన సరిహద్దులో అదే మాట

2019 ఫిబ్రవరిలో పుల్వామాలో 40 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయాక బాలాకోట్ దాడిని మన ప్రభుత్వం ‘సైనికేతర ముందస్తు చర్య’ అంది. వినడానికి వింతగా ఉన్నా ప్రతి ముక్కకూ పని ఉంది. ‘సైనికేతర’ అంటే పాక్ సైన్యం మీద కాదు, ఉగ్రవాద శిబిరం మీద. ‘ముందస్తు’ అంటే జరిగినదానికి ప్రతీకారం కాదు, జరగబోయేదాన్ని ఆపడం. మొదటి కొలతలోని రెండు మెట్లూ అందులో ఉన్నాయి.

2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని చంపారు. మృతుల్లో విశాఖ, కావలి వాళ్లూ ఉన్నారు. మే 7 తెల్లవారుజామున 1.05 నుంచి 1.30 మధ్య తొమ్మిది చోట్ల దాడి చేశాక, విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ వాడిన విశేషణాలు: ఆచితూచి చేసినది, ఉద్రిక్తత పెంచనిది, దామాషాలో ఉన్నది, బాధ్యతాయుతమైనది. సైనిక స్థావరాల జోలికి పోలేదని ప్రభుత్వం నొక్కి చెప్పింది. పాకిస్తాన్ మాత్రం పౌరులు చనిపోయారనీ, మసీదులు దెబ్బతిన్నాయనీ అంది. భారత్ జవాబు మొదటి కొలతలో, పాకిస్తాన్ ఆరోపణ రెండో కొలతలో. టీవీ చర్చల్లో రెండూ ఒకే గిన్నెలో పోసి కలిపేశారు. తర్వాతి మూడు రోజుల్లో ఘర్షణ వైమానిక స్థావరాలదాకా వెళ్లింది. ఒకరి బదులు మరొకరికి కొత్త కవ్వింపు అవుతున్నకొద్దీ హారం రోజురోజుకూ మారిపోతుంది. ‘మొదలుపెట్టింది ఎవరు’ అన్న ప్రశ్నకు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలన్నదే అసలు తగువు.

## భయపెట్టడం లెక్కలోకి వస్తుందా?

సైనిక వ్యూహకర్తలు చట్టాన్ని అడిగే గట్టి ప్రశ్న ఇది. అవసరమైనంతే కొడితే, ముఠా దాన్ని ఖర్చు కింద రాసుకుని మళ్లీ వస్తుంది. అంతకుమించి కొడితేనే మళ్లీ రాదు. కాబట్టి ‘దాడిని ఆపడం’ అంటే రేపటి దాడిని కూడా ఆపడమే కదా?

ఇజ్రాయెల్ జనరల్ గాడీ ఐజెన్‌కోట్ దీన్ని దాచుకోలేదు. 2006లో నేలమట్టమైన బేరూత్ దాహియా ప్రాంతానికి ఏం జరిగిందో, కాల్పులు వచ్చే ప్రతి ఊరికీ అదే జరుగుతుందని, దామాషా మించిన బలం వాడతామని 2008లో ఇంటర్వ్యూలో చెప్పాడు. న్యాయకోవిదుల్లో ఎక్కువమంది దీన్ని ఒప్పుకోరు. భయం పుట్టించడానికి పరిమితి ఉండదు, ఏ విధ్వంసమైనా అందులో ఇముడుతుంది. ఇక ఊరిని ఊరుగా లక్ష్యం చేస్తే అది రెండో కొలత గడప దగ్గరే ఆగిపోతుంది. కొద్దిమంది మాత్రం, దాడులు పదేపదే జరుగుతున్నప్పుడు తర్వాతి దాడిని ఆపడం కూడా రక్షణలో భాగమేనంటారు. ఆ మాటలోనూ పస ఉంది.

ఫలితం చూద్దామంటే అదీ రెండు వైపులా చూపిస్తుంది. 2006 ఆగస్టు చివర హిజ్బుల్లా నాయకుడు హసన్ నస్రల్లా టీవీలో మాట్లాడుతూ, ఆ అపహరణ ఇంత యుద్ధం తెస్తుందని ఒక్క శాతం అనుకున్నా చేసేవాళ్లం కాదన్నాడు. తర్వాత 17 ఏళ్లు ఆ సరిహద్దు ఇంచుమించు నిశ్శబ్దంగానే ఉంది. అదే 17 ఏళ్లలో హిజ్బుల్లా రాకెట్ల నిల్వ, అంచనాల ప్రకారం, కొన్నిరెట్లు పెరిగింది. లిటానీ నదికి దక్షిణాన లెబనాన్ సైన్యం, ఐరాస దళాలు తప్ప వేరే ఆయుధాలు ఉండకూడదన్న 1701 తీర్మానం కాగితం మీదే ఉండిపోయింది. 2023 అక్టోబరు 8న కాల్పులు మళ్లీ మొదలయ్యాయి. 2024 సెప్టెంబరు 27న నస్రల్లా దాహియాలోనే బాంబుదాడిలో చనిపోయాడు. నవంబరు 27న అమల్లోకి వచ్చిన కాల్పుల విరమణ ఒప్పందానికి ఆధారం 2006 ఆగస్టు 11 నాటి ఆ 1701 తీర్మానమే.